సీసాలో మూతలు, గోడమీద స్టార్లు: తరగతి గది ప్రశ్నలు, జవాబులు

బెత్తం పక్కన పెట్టిన తర్వాత తరగతిని ఏ ఆధారంతో నడపాలి? ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూనే ఉన్నాయి. రాసినవారిలో ఉపాధ్యాయులూ ఉన్నారు, తల్లిదండ్రులూ ఉన్నారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 1, 2 తరగతులు కలిపి చెబుతున్నాను. మొత్తం 27 మంది. మంచి ప్రవర్తనకు టోకెన్లు ఇవ్వాలని ట్రైనింగులో చెప్పారు గానీ, ఎలా మొదలుపెట్టాలో చెప్పలేదు. చేతి డబ్బు పడకుండా ఏదైనా మార్గం చెప్పండి.
– ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా

జవాబు: టీచర్ గారూ, 27 మందికి విడివిడిగా టోకెన్లు ఇచ్చి, లెక్క రాసి, వాళ్లు పోగొట్టుకున్నవి వెతికిపెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పైగా రెండు తరగతులు. మీకు తరగతి మొత్తానికి ఒకే సీసా పద్ధతి సరిపోతుంది.

లోపల ఉన్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. గాజుది వద్దు. అందులో వేయడానికి చాలామంది చింతపిక్కలు వాడతారు. ఒకటో తరగతి పిల్లలున్న చోట అవి మంచివి కావు. ఆ వయసువాళ్లు పిక్కల్ని ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, నోట్లో వేసుకుంటారు. వాటి బదులు వాటర్ బాటిల్ మూతలు పోగుచేయండి. 40 ఉంటే చాలు. డబ్బాను పిల్లలకు కనిపించేలా, చేతికి అందకుండా పెట్టండి. ముందుగా 15 మూతలు వేసి చూసి, అవి ఎంత ఎత్తుకు వస్తాయో అక్కడ డబ్బాకు రబ్బరు బ్యాండు తొడగండి. అదే గీత, మొదటి గురి. రెండోసారికి 25, ఆ తర్వాత 40.

ఇప్పుడు దేనికి మూత వేస్తారన్నది తేల్చుకోవాలి. అసలు పని ఇక్కడే ఉంది. “బుద్ధిగా ఉండాలి” అంటే ఆరేళ్ల పిల్లకు ఏమీ అర్థం కాదు. కంటికి కనిపించే పనులు రెండో మూడో ఎంచుకోండి. మీ గదికి ఇవి సరిపోతాయి: టీచర్ మూడు చప్పట్లు కొడితే చేతిలో పలక కింద పెట్టి ఇటు చూడాలి, చెప్పాలనుకుంటే చెయ్యెత్తాలి, టీచర్ ఒక తరగతికి చెబుతుంటే ఇంకో తరగతివాళ్లు తమ పని చేసుకోవాలి. మూడోది కష్టమైనది. అందుకని వాళ్లకిచ్చే పని కూడా టీచర్ సాయం లేకుండా పది నిమిషాలు చేసుకోగలిగినదై ఉండాలి. పని అయిపోయి ఖాళీగా కూర్చున్న పిల్లలు అల్లరి చేస్తే ఆ తప్పు పద్ధతిది, పిల్లలది కాదు.

మొదటి మూడు రోజులు పొద్దున ఐదు నిమిషాలు, భోజనం తర్వాత ఐదు నిమిషాలు ఈ మూడూ ఆటలాగా చేయించండి. తప్పుగా చేసి చూపాల్సి వస్తే మీరే చేసి చూపండి, పిల్లలతో చేయించకండి. సరిగ్గా చేసి చూపే వంతు మాత్రం పిల్లలదే.

మూత వేసేటప్పుడు ఆలస్యం పనికిరాదు. పిల్లలు పని చేసిన మరు క్షణమే, ఎందుకు వేస్తున్నారో చెబుతూ వేయండి: “రెండో తరగతివాళ్లు నేను చెప్పకముందే పుస్తకాలు తీశారు.” టక్. “వెరీ గుడ్” ఒక్కటే అంటే ఏది గుడ్డో వాళ్లకు తెలియదు. మొదటి రోజు ఎనిమిది నుంచి పది మూతలు పడాలి, రెండో రోజుకు డబ్బా గీతకు చేరాలి. మధ్యాహ్నానికి రెండే పడ్డాయంటే మీరు అడుగుతున్నది ఎక్కువ. “టీచర్, మూత వేయండి” అని బతిమాలినప్పుడు మాత్రం వేయకండి. ఒకసారి వేస్తే ఇక రోజంతా అదే పాట. పడిన మూతను వెనక్కి తీయకండి. కోపంలో తీస్తే పొద్దున పిల్లలు చేసిన మంచి పనిని మీ చేత్తో చెరిపేసినట్టే.

గీతకు చేరిన రోజునే బహుమతి. శనివారం దాకా ఆగమంటే ఈ వయసుకు అది చాలా దూరం. పది నిమిషాలు చెట్టు కింద కథ, నాలుగు స్తంభాలాట, అందరూ కలిసి పాట, ఇష్టమైన బొమ్మ గీసుకోవడం. మూడు చెప్పి పిల్లల్నే ఎంచుకోమనండి. ఇంటిగంట దగ్గర పడితే మర్నాడు ప్రార్థన కాగానే ఇవ్వండి. మధ్యలో వేరే అల్లరి జరిగిందని బహుమతి రద్దు చేస్తే ఆ సీసాను ఇక ఎవరూ నమ్మరు.

ఇది ఎక్కువగా చెడేది రెండో వారంలోనో మూడో వారంలోనో. టీచర్ మరిచిపోతారు. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లో ఫోటోలు, వీటి మధ్య మరవడం సహజం. అందుకని పొద్దున పది మూతలు బల్ల మీద పెట్టుకోండి. సాయంత్రానికి అవి డబ్బాలోకి చేరాలి. మిగిలాయంటే ఆ రోజు పిల్లలు చేసిన మంచి మీ కంటబడలేదన్నమాట. ఈ పద్ధతిలో ముందుగా మారాల్సింది టీచర్ చూపే. మూతలు దానికి గుర్తు చేసే సాధనాలు.

ప్రశ్న: నాలుగో తరగతిలో 32 మంది పేర్లతో స్టార్ చార్టు పెట్టాను. హోంవర్కుకు, శుభ్రతకు, హాజరుకు స్టార్లు. రెండు నెలల్లో ఐదుగురికి 40 దాటాయి. ఆరుగురికి నాలుగు కూడా లేవు. వాళ్లు చార్టువైపు చూడటమే మానేశారు. పోయిన వారం ఒకడు తన పేరు దగ్గర కాగితం చించేశాడు. ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: సార్, ఆ పిల్లవాణ్ని దండించకండి. చార్టు తీసేయండి. సెలవు రోజు తర్వాత ఆ గోడమీద బొమ్మలు అంటించి ఉంటే చాలు, ప్రకటన అక్కర్లేదు.

మీ స్టార్లు దేన్ని కొలుస్తున్నాయో ఒకసారి చూడండి. పత్తి ఏరే రోజుల్లో తల్లిదండ్రులు చీకటితో చేనుకు పోతే, చిన్న చెల్లెల్ని చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఉండిపోతుంది. హాజరు స్టార్ పోయింది. ఒక్క జత యూనిఫారం ఉన్నవాడు, నల్లా రెండు రోజులకోసారి వచ్చే వాడలో ఉన్నవాడు శుభ్రత స్టార్ ఎలా తెచ్చుకుంటాడు? ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లకు హోంవర్కు స్టార్ కూడా అంతే. పిల్లల చేతిలో లేనిదానికి స్టార్ పెడితే మనం ఇల్లును కొలుస్తున్నాం. ఆ లెక్కను గోడకెక్కించి ఏడాది పొడవునా చూపిస్తున్నాం. ఇది మాకు చాలా బాధ కలిగించే విషయం. మీకు ఆ ఉద్దేశం లేదని తెలిసే చెబుతున్నాం.

బదులుగా ఇలా చేయండి. ప్రతి పిల్లవాడి రఫ్ నోట్సు చివరి పేజీలో పది గళ్ల పట్టీ గీయించండి. పట్టీ పైన ఒకే ఒక్క గురి రాయండి, అది ఎవరిది వారిదే. బడిలో, మీ కళ్లముందు చేయగలిగినదై ఉండాలి. ఒకరికి “ఎక్కాలు ఒక వరుస అప్పజెబుతాను”, ఇంకొకరికి “చెయ్యెత్తి మాట్లాడతాను”, మరొకరికి “పేరాలో ఐదు వాక్యాలు పూర్తిచేస్తాను”. చేసిన ప్రతిసారీ ఒక గడిలో మీ సంతకం. పది గళ్లు మూడు రోజుల నుంచి వారం లోపు నిండాలి. ఎనిమిది బడిరోజులు దాటినా నిండకపోతే గురిని సగం చేయండి. రోజుకు ఎనిమిది పుస్తకాల చొప్పున చూస్తూ పోతే నాలుగు రోజుల్లో అందరివీ ఒకసారి మీ చేతికొస్తాయి. ఆ ఆరుగురివి మాత్రం రోజూ చూడండి.

“వాడికి తేలికది ఇచ్చారు సార్” అని ఒకరిద్దరు అంటారు. “నీ పట్టీలో నీ పని, వాడి పట్టీలో వాడి పని” అని చెప్పి వదిలేయండి. పట్టీ గోడమీద లేదు కనుక ఆ గొడవ వారంలో సద్దుమణుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి మూడో తరగతి. టీచర్ బయటికి వెళ్లినప్పుడల్లా క్లాస్ లీడర్ మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. పేరు ఉన్నవాళ్లు గోడకుర్చీ వేయాలి. మాట్లాడకపోయినా మా పాప పేరు రాస్తున్నాడట. రాత్రిళ్లు ఏడుస్తోంది. టీచర్‌ను అడిగితే పాపకు ఇంకా కష్టమవుతుందేమోనని భయం.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ భయం అర్థమైంది. మన బడుల్లో తరతరాలుగా ఉన్న అలవాటు ఇది. ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతికి సుద్దముక్క ఇచ్చి తోటివాళ్లకు శిక్ష వేయించే అధికారం అప్పగిస్తే, వాడు స్నేహితుల పేర్లు వదిలేస్తాడు, గొడవపడినవాళ్ల పేర్లు రాస్తాడు, పెన్సిలు ఇస్తే చెరిపేస్తాడు. ఆ వయసు పిల్లవాణ్ని తప్పుపట్టలేం. అందుకని ఆ లీడర్ మీద ఫిర్యాదుగా మాట్లాడకండి.

గోడకుర్చీ సంగతి వేరు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా దండించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం అన్నీ దాని కిందికే వస్తాయి. ముందు టీచర్‌తో విడిగా, పిల్లలు లేనప్పుడు మాట్లాడండి. చట్టంతో మొదలుపెట్టకుండా “మా పాప రాత్రిళ్లు ఏడుస్తోందండీ, పేర్లు రాసే పని ఆపగలరా?” అని అడగండి. రెండు వారాల్లో మార్పు లేకపోతే హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. కాగితం మీద తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఈ ఉత్తరం చదివే టీచర్ల కోసం ఒక మాట. పేర్ల జాబితా స్థానంలో పెట్టుకోదగ్గ ఆట ఒకటుంది. 1969లో అమెరికాలోని కాన్సస్‌లో నాలుగో తరగతి పిల్లలతో చేసి చూసి ప్రచురించారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో వాడారు. తరగతిని రెండు మూడు జట్లుగా చేస్తారు. ప్రతి జట్టులో నెమ్మదైనవాళ్లూ, అల్లరివాళ్లూ కలిసి ఉండాలి. పాఠం మధ్యలో అనుమతి లేకుండా లేచినా, అరిచినా జట్టు పేరు కింద ఒక గీత. బోర్డు మీద పిల్లల పేర్లు ఉండవు. నిర్ణీత సమయంలో ఐదు గీతలకు మించని జట్లన్నీ గెలిచినట్టే, అంటే రెండు జట్లూ గెలవొచ్చు. మొదట్లో పది నిమిషాలు, వారానికి మూడుసార్లు చాలు. అలవాటయ్యాక సమయం పెంచండి. గీతలు పెట్టేది టీచర్ మాత్రమే. కాబట్టి టీచర్ గదిలో లేనప్పుడు ఈ ఆట లేదు. బయటికి వెళ్లక తప్పనప్పుడు పిల్లలకు బొమ్మ గీసే పనో, కాపీ రైటింగో ఇచ్చి, పక్క గది టీచర్‌కు చెప్పి వెళ్లాలి.

ప్రశ్న: పై జవాబుల్లాంటివన్నీ చేస్తున్నాను. తరగతి మొత్తం దారికొచ్చింది, ఒక్క పిల్లవాడు తప్ప. ఐదో తరగతి. కూర్చోడు, పక్కవాళ్లను గిల్లుతాడు. వాడి వల్ల జట్టు ఓడిపోతే మిగతావాళ్లు ఇంటర్వెల్లో వాణ్ని కొడుతున్నారు.
– ఉపాధ్యాయిని, అనంతపురం జిల్లా

జవాబు: మొదట ఆ కొట్టడం ఆగాలి. రేపటి నుంచే వాడి తప్పులు జట్టు లెక్కలోకి రాకుండా చేయండి. పైన చెప్పిన కాన్సస్ తరగతిలోనూ ఇద్దరు పిల్లలు ఆడేది లేదని మొండికేశారు. వాళ్లను జట్టు నుంచి తీయాల్సి వచ్చింది. మీరు వాణ్ని ఒంటరి జట్టు చేయొద్దు. వాడి గీతలు లెక్కలోకి రావు, వాడు చేసిన మంచి మాత్రం జట్టుకు అదనంగా కలుస్తుందని ప్రకటించండి. వాడు కుదురుగా ఉంటే మిగతావాళ్లకూ లాభం. అప్పుడు తన్నేవాళ్లే సాయం పడతారు.

తర్వాత ఐదు రోజులపాటు ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి రాయండి: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, దానివల్ల వాడికేం దక్కింది. రోజుకు మూడు నాలుగు ఘటనలు చాలు. ఉదాహరణకు: “భాగహారాలు పది ఇచ్చాను. పక్కవాడి నోట్సు లాగాడు. బయట నిలబెట్టాను.” ఇలాంటివే మళ్లీ మళ్లీ వస్తే వాడు భాగహారం నుంచి తప్పించుకుంటున్నాడు. బయట నిలబెట్టడం వాడికి శిక్ష కాదు, వాడు కోరుకున్నదే. అలాంటప్పుడు పది లెక్కలకు బదులు వాడికి వచ్చిన స్థాయిలో మూడు ఇచ్చి, చేశాక రెండు నిమిషాలు లేచి తిరగనివ్వండి. మూడో గడిలో “అందరూ నవ్వారు”, “నేను పాఠం ఆపి తిట్టాను” అని ఎక్కువసార్లు ఉంటే వాడికి కావలసింది అందరి చూపు తనమీద పడటం. కుదురుగా ఉన్నప్పుడు ప్రతి ఐదు నిమిషాలకూ పక్కనుంచి వెళుతూ భుజం తట్టండి, ఒక మాట అనండి. గిల్లడం మాత్రం చూసీచూడనట్టు వదలకూడదు. మాటలు పెంచకుండా చోటు మార్చేయండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు వాడికి బోర్డు కనిపిస్తోందా, వెనక నుంచి పిలిస్తే వినిపిస్తోందా, పొద్దున ఏమైనా తిని వస్తున్నాడా అని చూడండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా కార్డులు, టోకెన్లు పనిచేయవు.

ఇక వాడి ప్రవర్తనకు రోజూ మార్కులు వేసే కార్డు సంగతి. రోజును నాలుగు భాగాలు చేయండి: ప్రార్థన నుంచి ఇంటర్వెల్, ఇంటర్వెల్ నుంచి భోజనం, భోజనం నుంచి మధ్యాహ్నపు ఇంటర్వెల్, అక్కడి నుంచి ఇంటిగంట. గురులు రెండే: “చేతులు నా దగ్గరే ఉంచుకుంటాను”, “ఇచ్చిన పని మొదలుపెడతాను”. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. రోజుకు మొత్తం 16. మొదటి వారం వాడికి ఏ లక్ష్యమూ చెప్పకుండా మార్కులు వేసుకోండి. సగటున 6 వస్తే రెండో వారం లక్ష్యం 8. మొదటి రోజే 13 అడిగితే వాడు పదకొండు గంటలకే ఓడిపోయి, ఇక పోగొట్టుకునేది ఏమీ లేక మిగతా రోజంతా తలకిందులు చేస్తాడు. ఐదు రోజుల్లో నాలుగు రోజులు లక్ష్యం అందుకున్నాకే ఒకటో రెండో పెంచండి.

పొద్దున కార్డు ఇచ్చేటప్పుడు, సాయంత్రం చూసేటప్పుడు రెండేసి నిమిషాలు వాడితో కూర్చునే పెద్దమనిషి ఒకరుండాలి. హెడ్మాస్టర్ గానీ, వాడికి ఇష్టమైన మరో టీచర్ గానీ. కార్డులో మనం చూసినంత వరకు ఎక్కువ పనిచేసేది ఈ నాలుగు నిమిషాలే. తక్కువ వచ్చిన రోజు ఉపన్యాసం వద్దు. “ఇవాళ భోజనం తర్వాత కష్టమైంది, రేపు కొత్త కార్డు” అంటే చాలు. కార్డును ఇంటికి పంపే ముందు తల్లితో మాట్లాడండి. తక్కువ మార్కులు చూసి ఇంట్లో కొడతారనిపిస్తే పంపనే వద్దు.

ఇంకొకటి. ఇంతకాలం అల్లరికి దొరికిన చూపు ఒక్కసారిగా దొరక్కపోతే మొదటి మూడు నాలుగు రోజులు అల్లరి పెరుగుతుంది. చాలామంది ఇక్కడే “ఇది పనిచేయదు” అని వదిలేస్తారు. నాలుగో రోజు లొంగిపోతే, ఇంకొంచెం గట్టిగా చేస్తే దొరుకుతుందని వాడికి మనమే నేర్పినట్టవుతుంది.

ప్రశ్న: చాక్లెట్లు, పెన్నులు నా జీతంలోంచే కొని ఇస్తున్నాను. ఇప్పుడు కథల పుస్తకం చదవమంటే కూడా “ఏమిస్తారు టీచర్?” అంటున్నారు.
– ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: కథల పుస్తకానికి బహుమతి ఇవ్వడం ఈరోజే ఆపేయండి. పిల్లలు తమంతట తాము ఇష్టపడి చేసే పనికి ముందుగా ఆశచూపి బహుమతి ఇస్తే ఆ ఇష్టం తగ్గుతుంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లలతో ఇది చూశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత రోజుల్లో స్వేచ్ఛగా వదిలినప్పుడు, మిగతావాళ్లలో సగం సేపే గీశారు. ముందు చెప్పకుండా చివర్లో అదే సర్టిఫికెట్ అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు.

అయితే ఎక్కాలు బట్టీపట్టడం, వరుసలో నిలబడటం, చెయ్యెత్తడం లాంటివాటి మీద ఎవరికీ ముందునుంచీ మోజు ఉండదు. అక్కడ చిన్న ప్రోత్సాహం వల్ల నష్టం లేదు. అలవాటు పడేదాకా ఇచ్చి, మెల్లగా తగ్గించాలి. మొదటి రెండు వారాలు చేసిన ప్రతిసారీ ఇవ్వండి. తర్వాత రెండు మూడుసార్లకు ఒకసారి, ఆపైన పిల్లలు ఊహించని సమయంలో. మాట మాత్రం ఆపకండి. ఒక్క రోజులో అంతా ఆపేస్తే ప్రవర్తన కూడా అదే వారంలో వెనక్కి పోతుంది.

డబ్బు అక్కర్లేని బహుమతులు బడిలోనే ఉన్నాయి: గంట కొట్టడం, ప్రార్థనలో వార్తలు చదవడం, టీచర్ కుర్చీలో కూర్చుని ఒక పేరా చదవడం, స్నేహితుడి పక్కన ఒక పీరియడ్ కూర్చోవడం, ఖోఖోకు జట్టు ఎంచుకోవడం, లైబ్రరీ పుస్తకాలు పంచడం. ఏవి కావాలో పిల్లల్నే అడిగి ఎనిమిది చీటీలు రాసి డబ్బాలో వేయండి. నెలకోసారి సగం మార్చండి. మోజు తీరిన చీటీకి ఎవరూ కష్టపడరు. తిండి వస్తువుల్ని మాత్రం అసలు పెట్టకండి. మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డు, చిక్కీ పిల్లల హక్కు. వాటిని ప్రవర్తనకు ముడిపెట్టడం ఏ పద్ధతిలోనూ సరికాదు.

ప్రశ్న: శిక్షలే వద్దంటే ఎలా? అల్లరి చేసినవాళ్లకు ఆటల పీరియడ్ తీసేయడం, గది ఊడిపించడం తప్పా?
– ఉపాధ్యాయుడు, కర్నూలు జిల్లా

జవాబు: రెండూ వద్దు సార్. కుదురుగా కూర్చోలేనివాడికే ఆట ఎక్కువ అవసరం. అది తీసేస్తే తర్వాతి పీరియడ్ మీకే కష్టమవుతుంది. ఊడ్చే పని శిక్షగా వేయిస్తే, ఆ పని రోజూ చేసి ఇల్లు నడిపే తల్లిదండ్రుల పిల్లలు ఆ గదిలోనే కూర్చుని చూస్తుంటారు. వాళ్లమ్మ చేసే పని తప్పు చేసినవాళ్లకు వేసేదని మనం చెప్పినట్టవుతుంది. ఊడ్చే పని అందరికీ వంతులవారీగా ఉండాలి. ఆ వంతుల్లో ఆడపిల్లలు, ఫలానా వాడవాళ్లు అనే తేడా రాకుండా జాబితా మీరే రాయండి.

తప్పుకు ఫలితం ఉండాలి, అది ఆ తప్పుకు సంబంధించినదై ఉండాలి. కాగితాలు చింపి పారేస్తే, తాను పారేసినవి తాను ఏరాలి. పక్కవాడి బొమ్మ పాడుచేస్తే అది మళ్లీ గీయడంలో సాయం చేయాలి. ఆటలో తోసేస్తే ఆ ఆటలోంచి రెండు నిమిషాలు పక్కన కూర్చుని, మళ్లీ లోపలికి రావాలి. ఇవి చెప్పేటప్పుడు వాడి దగ్గరికి వెళ్లి, మిగతావాళ్లకు వినపడని గొంతుతో చెప్పండి. దూరం నుంచి అరిస్తే 30 మంది ముందు పరువు కాపాడుకోవడానికి వాడు ఎదురు మాట్లాడతాడు. రెండు నిమిషాల్లో తేలాల్సిన విషయం పీరియడ్ మొత్తం తినేస్తుంది.